టీవీ నుంచి రికార్డు చేసుకున్న ఫైళ్లు డీవీడీ ప్లేయర్‌లో ఆడాలంటే: మార్చడం కన్నా ముందు చూసుకోవలసినవి

మీ ప్రశ్నను నేను అర్థం చేసుకున్నది ఇలా. మీ బాపు ఒగ్గుకథ చెప్పిన టీవీ కార్యక్రమాలు, కొన్ని బతుకమ్మ ప్రసారాలు కలిపి పద్నాలుగు ఫైళ్లు మీ కంప్యూటర్‌లో ఉన్నాయి. వాటిలో మూడు పాత టీవీ ట్యూనర్ కార్డుతో, అంటే కంప్యూటర్‌లో పెట్టి టీవీ పట్టుకునే కార్డుతో తీసినవి, రెండు హెచ్‌డీ ఛానల్‌వి, మిగిలినవన్నీ ఉచిత ఛానళ్ల సెట్‌టాప్ బాక్సుకు పెన్‌డ్రైవ్ పెట్టి రికార్డు చేసినవి. ఊళ్లో మీ పెద్దబాపు ఇంట్లో ఉన్నది పాత డీవీడీ ప్లేయర్, దానికి తోడు పాత డబ్బా టీవీ. ఫైళ్లను ఉన్నవి ఉన్నట్టుగా డిస్కులోకి రాస్తే ప్లేయర్ గుర్తించలేదు. ఇంటర్నెట్‌లో దొరికిన ఒక ఉచిత కన్వర్టర్‌తో మార్చి చూస్తే బొమ్మ మసకబారింది, మనుషులు సన్నగా సాగిపోయారు, డోలు మీద కర్ర పడిన ఎంతసేపటికో గాని శబ్దం వినిపించడం లేదు.

హనుమకొండలో పెళ్లి వీడియోల మిక్సింగ్ పనిలో చాలా ఏళ్లు ఉన్నాను కనుక ఈ మూడు జబ్బులూ నాకు బాగా తెలిసినవే. వీటికి మూలం చాలావరకు ఒక్కటే. మార్చనవసరం లేని ఫైలును కూడా కన్వర్టర్‌కు అప్పగించి మొదటి నుంచి చివరి దాకా మళ్లీ ఎన్‌కోడ్ చేయించడం, అంటే బొమ్మను మొత్తం విప్పి మళ్లీ కొత్తగా కుదించి రాయించడం. మీ ఫైళ్లలో సగానికి పైగా అసలు మార్చవలసిన పనే ఉండకపోవచ్చునని నా అంచనా.

డీవీడీలో బొమ్మ ఎంపెగ్-2 పద్ధతిలో ఉంటుంది. మీ సెట్‌టాప్ బాక్సు పట్టుకున్న సాధారణ ఛానళ్ల ప్రసారం కూడా చాలాసార్లు ఎంపెగ్-2లోనే ఉంటుంది. తేడా బొమ్మలో కాదు, దానిని కట్టిన మూటలో ఉంది. ప్రసారంలో సమాచారం 188 బైట్ల చిన్న చిన్న ప్యాకెట్లుగా వస్తుంది. దారిలో కొన్ని పాడైనా మిగిలినవి నిలబడాలని అలా చేశారు, దీనినే ట్రాన్స్‌పోర్ట్ స్ట్రీమ్ అంటారు, మీ ఫైళ్ల చివర కనిపించే టీఎస్ అనే రెండు అక్షరాలు దానివే. డీవీడీలో అదే సమాచారాన్ని 2048 బైట్ల చొప్పున పేర్చి ప్రోగ్రామ్ స్ట్రీమ్‌గా ఉంచుతారు. ఎనుమాముల మార్కెట్‌లో మిర్చిని ఒక బస్తాలో నుంచి మరో బస్తాలోకి ఎత్తినంత మాత్రాన మిర్చి రంగు తగ్గదు, కానీ ఒకసారి దంచిన తరువాత అది మళ్లీ కాయ కాదు. మూట మార్చడానికీ మళ్లీ ఎన్‌కోడ్ చేయడానికీ అంత తేడా ఉంది. మొదటి పనికి కార్యక్రమానికి రెండు మూడు నిమిషాలు చాలు, బొమ్మలో ఒక్క చుక్క కూడా మారదు. రెండవది గంటలు తీసుకుంటుంది, చేసిన ప్రతిసారీ కొంత పోతుంది.

అందువల్ల ముందుగా మీడియాఇన్ఫో అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో ఒక్కొక్క ఫైలును తెరిచి, కనిపించిన వివరాలను కాగితం మీద రాసుకోండి. వీడియో ఎంపెగ్-2 అయి, కొలత 720×576 గాని, 704×576 గాని, 352×576 గాని అయి, సెకనుకు 25 ఫ్రేములు, అంటే విడి బొమ్మలు, ఉండి, వీడియో బిట్‌రేటు, అంటే సెకనుకు ఖర్చయ్యే సమాచారం, ఎక్కడా 9.8 మెగాబిట్లు దాటకుండా, ఆడియో 48 కిలోహెర్ట్జ్‌లో ఉంటే ఆ ఫైలును ఎన్‌కోడ్ చేయవద్దు. మన దేశపు టీవీ పద్ధతి అయిన పాల్‌కు డీవీడీ ప్రమాణం కోరేది ఇదే. ఇంకొక్క షరతు ఉంది. ఎంపెగ్-2లో అప్పుడప్పుడు ఒక ఫ్రేమును పూర్తి బొమ్మగా రాసి, మధ్యలో మార్పులను మాత్రమే రాస్తారు; ఒక పూర్తి బొమ్మకూ మరో పూర్తి బొమ్మకూ మధ్య దూరం, అంటే ఒక్కో గుంపు, 15 ఫ్రేములు మించకూడదు. ప్రసారాలలో చాలావరకు 12 ఉంటుంది కనుక దీనితో ఇబ్బంది తక్కువే.

చాలామంది బోల్తా పడేది కొలత దగ్గర. ప్రసారంలో జాగా ఆదా చేయడానికి కొన్ని ఛానళ్లు 544×576 లేదా 480×576 కొలతలో పంపుతాయి. సెట్‌టాప్ బాక్సు దానిని సాగదీసి టీవీకి ఇస్తుంది కనుక ఇంట్లో చూసేటప్పుడు మనకు తేడా తెలియదు. కానీ ఈ రెండు కొలతలూ డీవీడీ ప్రమాణంలో లేవు. కంప్యూటర్‌లో చక్కగా ఆడిన డిస్కు ప్లేయర్‌లో మొండికేస్తే, లేదా బొమ్మ ఒక పక్కకు ఒదిగిపోయి కనిపిస్తే, ముందు అనుమానించవలసింది దీనినే. అటువంటి ఫైళ్లను మాత్రం ఎన్‌కోడ్ చేయక తప్పదు. మనుషులు సన్నగా కనిపించడానికి కారణం వేరు. బొమ్మ 4:3 నిష్పత్తిలో ఉన్నదో 16:9లో ఉన్నదో తెలిపే చిన్న గుర్తు ఒకటి ఫైలులో ఉంటుంది, మీ కన్వర్టర్ దానిని తప్పుగా రాసింది. డీవీడీలో ఈ రెండు నిష్పత్తులకూ కొలత 720×576 ఒక్కటే కనుక ఆ గుర్తు తప్పితే ముఖాలు సాగడమో నలగడమో ఖాయం. డిస్కు తయారు చేసేటప్పుడు ప్రతి కార్యక్రమానికీ ఆ గుర్తును మీరే ఎంచుకోండి, ఆటోమేటిక్‌గా వదిలిపెట్టవద్దు.

ఇక శబ్దం సంగతి. దీని మీద కొంచెం ఎక్కువ చెబుతాను, ఎందుకంటే ఒగ్గుకథలో డోలు, తాళాలు, పాట ఒకదాని వెంట ఒకటి నడుస్తాయి, అరసెకను తేడా వచ్చినా చూసేవారికి మనసు నిలవదు. ముందుగా ఆ తేడా ఎలాంటిదో తేల్చుకోవాలి. కార్యక్రమం మొదట్లో, మధ్యలో, చివరలో మూడు చోట్ల చూసి, కర్ర డోలును తాకడానికీ శబ్దం రావడానికీ మధ్య ఎంత ఆలస్యం ఉన్నదో గమనించండి. మూడు చోట్లా ఒకే విధంగా ఉంటే అది మూట కట్టేటప్పుడు జరిగిన పొరపాటు. శబ్దాన్ని అంతమేర ముందుగా వినిపించేలా జరిపితే సరిపోతుంది, అవిడెమక్స్ అనే ఉచిత వీడియో సాఫ్ట్‌వేర్‌లో మిల్లీసెకన్లలో ఆ సంఖ్యను ఇచ్చే వీలుంది. మొదట్లో సరిగ్గా ఉండి పోను పోను క్రమంగా పెరుగుతూ ఉంటే అది ట్యూనర్ కార్డు జబ్బు. పాత కార్డులలో బొమ్మ కార్డు ద్వారా, శబ్దం ఒక చిన్న వైరు మీదుగా సౌండ్ కార్డులోకి వెళ్లేది. రెండింటి గడియారాలు వేరు కనుక గంట గడిచేసరికి ఒకటి వెనుకబడేది. దానికి మొత్తం శబ్దాన్ని ఆ కొద్ది నిష్పత్తిలో సాగదీయడమో కుదించడమో చేయాలి, ఉచిత ఆడియో సాఫ్ట్‌వేర్ ఆడాసిటీలో ఆ పని చేయవచ్చు. స్వరం మారకుండా వేగం మాత్రమే మార్చే ఎంపికను తీసుకోండి.

మూడవ రకం ఏమిటంటే, పది నిమిషాలు సరిగ్గా ఉండి ఒక్కసారిగా ఎగిరి, మళ్లీ స్థిరపడి, మరోచోట మళ్లీ ఎగరడం. వాన పడేటప్పుడు డిష్ సిగ్నల్ తెగిపోయి బొమ్మ గళ్లు గళ్లుగా అయిన చోట్లను చూడండి, ఎగిరింది అక్కడే అయి ఉంటుంది. ఫైలులోని కొన్ని ప్యాకెట్లు రాలేదు. వీడియోలో పోయినంత ఆడియోలో పోలేదు, కన్వర్టర్ మాత్రం మిగిలిన వాటిని పక్కపక్కన అతికించుకుంటూ పోయింది. మీరు చెప్పిన లక్షణాలను బట్టి మీకు జరిగింది ఇదేనని నేను అనుకుంటున్నాను. దీనికి ప్రాజెక్ట్‌ఎక్స్ అనే పాత సాఫ్ట్‌వేర్‌ను మించినది నేను వాడలేదు. అది జావా మీద నడుస్తుంది, చూడడానికి అందంగా ఉండదు, కానీ ప్రతి ప్యాకెట్ మీద ఉన్న సమయ ముద్రను చదివి, వీడియోలో ఎంత భాగం పోయిందో లెక్కకట్టి, ఆడియోలో అంతే భాగాన్ని కత్తిరిస్తుంది. ఆడియో పోయిన చోట నిశ్శబ్దాన్ని చేర్చుతుంది. టీఎస్ ఫైలును ఇచ్చి, వీడియోను, ఆడియోను విడివిడిగా రాయమని చెప్పండి. ఇది ఎంపెగ్-2 ఫైళ్లకు మాత్రమే పనికి వస్తుందని, మీ హెచ్‌డీ ఫైళ్లకు పనికిరాదని గుర్తుంచుకోండి.

ఈ సందర్భంలోనే ఒక వింత చెబుతాను. ఆ సమయ ముద్ర 33 బిట్ల సంఖ్య, సెకనుకు 90,000 చొప్పున పెరుగుతుంది, కనుక దాదాపు ఇరవై ఆరున్నర గంటలకు ఒకసారి సున్నాకు తిరిగి వస్తుంది. మీ రికార్డింగ్ నడుస్తుండగా ఆ తిరుగుడు వస్తే, గంట కార్యక్రమం నిడివిని కొన్ని ప్లేయర్లు ఇరవై ఆరు గంటలుగా చూపిస్తాయి. ఫైలు పాడైందని తుడిచివేయకండి. ప్రాజెక్ట్‌ఎక్స్ గుండా ఒకసారి పంపితే సరిగ్గా వస్తుంది.

పెన్‌డ్రైవ్ విషయంలో మరొకటి. ఎఫ్ఏటీ32 పద్ధతిలో ఫార్మాట్ చేసిన పెన్‌డ్రైవ్‌లో ఒక ఫైలు 4 జీబీని దాటలేదు కనుక బాక్సు పెద్ద కార్యక్రమాన్ని ముక్కలు చేసి రాస్తుంది. మీ పద్నాలుగు ఫైళ్లలో కొన్ని నిజానికి ఒకే కార్యక్రమపు ముక్కలేమో చూసుకోండి. వాటిని విడివిడిగా మార్చి తరువాత కలపడం తప్పు; అతుకు దగ్గర శబ్దం తప్పుతుంది. టీఎస్ ఫైళ్లను వరుస క్రమంలో ఒకదాని వెనుక ఒకటి నేరుగా చేర్చవచ్చు, ముందు చేర్చి ఆ తరువాతే మిగిలిన పని మొదలుపెట్టండి. డబ్బు కట్టి చూసే డీటీహెచ్ బాక్సులలో చేసిన రికార్డింగులు సాధారణంగా తాళం వేసినట్టుగా ఆ బాక్సుకే కట్టుబడి ఉంటాయి, కంప్యూటర్‌లో తెరుచుకోవు. మీవి తెరుచుకుంటున్నాయి కనుక ఆ బాధ లేదు.

ప్రకటనలను కత్తిరించే పనిని కూడా ఎన్‌కోడ్ చేయకుండానే ముగించవచ్చు. ఎంపెగ్-2లో పూర్తి బొమ్మలు సుమారు అరసెకనుకు ఒకటి వస్తాయి, ఆ బొమ్మల దగ్గరే కోత పెడితే మిగిలినదంతా తాకకుండా ఉంటుంది. కథలో మాట తెగకుండా ఉండడానికి ఒక అరసెకను ప్రకటన మిగిలినా ఫరవాలేదని నా అభిప్రాయం.

ఎన్‌కోడ్ చేయక తప్పని ఫైళ్లు మీకు అయిదారు ఉంటాయనుకుందాం. వాటికి లెక్క ఒకటి నేర్చుకోండి. 4.7 జీబీ డిస్కు అని రాసి ఉన్నా కంప్యూటర్ లెక్కలో అది 4.37 జీబీ మాత్రమే. 600ను నిమిషాలతో భాగిస్తే, వీడియో ఆడియో కలిపి సెకనుకు ఎన్ని మెగాబిట్లు వాడుకోవచ్చో దాదాపుగా వస్తుంది. రెండు గంటల కార్యక్రమానికి 5, గంటన్నరకు 6.7, మూడు గంటలకు 3.3. బతుకమ్మ ఆట వంటి దృశ్యాలలో వందల మంది చప్పట్లు కొడుతూ గుండ్రంగా తిరుగుతుంటారు, తెర అంతా కదులుతూనే ఉంటుంది. అక్కడ 5 కన్నా తగ్గితే గళ్లు కనిపిస్తాయి. ఒకరు నిలబడి కథ చెప్పే దృశ్యానికి 4 కూడా సరిపోతుంది. అందువల్ల ఒక్కో డిస్కుకు గంటన్నర మించకుండా పంచుకోండి. ఖాళీ డిస్కు ఖరీదు చూసుకుని మూడు గంటలు కుక్కడం నాకు ఎప్పుడూ నచ్చలేదు. రెండు పొరల డిస్కులో 7.95 జీబీ పడుతుంది గాని, పాత ప్లేయర్లు పొర మారే చోట ఆగిపోవడం చాలాసార్లు చూశాను, దాని జోలికి వెళ్లవద్దు. ట్యూనర్ కార్డు ఫైళ్లలో చుక్కలు చుక్కలుగా గోల ఎక్కువగా ఉంటే, ఎన్‌కోడర్ ఆ చుక్కలను కూడా బొమ్మే అనుకుని బిట్లన్నీ వాటి మీదే ఖర్చు చేస్తుంది. వాటిని కొద్దిగా మెత్తబరచి, 352×576 కొలతలో చేయండి. అది డీవీడీ ప్రమాణంలో ఉన్న కొలతే, పాత అనలాగ్ రికార్డింగుకు సాధారణంగా సరిపోతుంది కూడా.

ఎన్‌కోడింగ్‌కు ఎఫ్ఎఫ్ఎంపెగ్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ వాడండి. అందులో పాల్ డీవీడీ అనే లక్ష్యాన్ని ఎంచుకుంటే కొలత, ఫ్రేములు, గుంపు నిడివి, ఆడియో అన్నీ ప్రమాణానికి తగినట్టుగా అదే పెట్టుకుంటుంది. బిట్‌రేటు మాత్రం పైన చెప్పిన లెక్క ప్రకారం మీరు ఇవ్వాలి, రెండు విడతల పద్ధతిలో, అంటే మొదటిసారి ఫైలునంతా పరిశీలించి రెండోసారి రాసేలా, చేయించాలి. హ్యాండ్‌బ్రేక్ అనే మరో సాఫ్ట్‌వేర్ వాడమని మీకు ఎవరో చెప్పారని రాశారు. అది డీవీడీ నుంచి ఫైలు తీసేదే గాని ఫైలు నుంచి డీవీడీ చేసేది కాదు.

ఇక్కడ కన్వర్టర్లు చేసే పెద్ద తప్పు ఒకటి ఉంది. మన టీవీ ప్రసారంలో ప్రతి ఫ్రేము రెండు ఫీల్డులుగా, ఒకసారి బేసి గీతలు, ఒకసారి సరి గీతలు, సెకనుకు మొత్తం 50 ఫీల్డులుగా వస్తుంది, దీనినే ఇంటర్లేస్ అంటారు. కంప్యూటర్ తెర మీద కదిలే చేతుల అంచులు దువ్వెన పళ్లలా కనిపిస్తే అది దోషమని భయపడి చాలామంది డీఇంటర్లేస్ అనే ఎంపికను నొక్కుతారు. డబ్బా టీవీకి కావలసింది ఆ రెండు ఫీల్డులే. వాటిని కలిపేస్తే కదలికలో నునుపు పోతుంది, తాళాలు మోగించే చేతులు తునకలు తునకలుగా కదిలినట్టు ఉంటాయి. ఇంటర్లేస్‌ను అలాగే ఉంచి, పై ఫీల్డు ముందు అనే క్రమాన్ని ఎంచుకోండి. డిజిటల్ ప్రసారాలన్నింటికీ దాదాపుగా అదే. ట్యూనర్ కార్డు ఫైళ్లలో క్రమం తలకిందులుగా ఉండవచ్చు. అది తప్పితే బొమ్మ ముందుకు వెనుకకు వణుకుతూ కదులుతుంది, ఒక నిమిషం ముక్కను చేసి టీవీలో చూస్తే వెంటనే తెలిసిపోతుంది.

మీ హెచ్‌డీ ఫైళ్లు రెండూ ఎంపెగ్-2 కాకుండా హెచ్.264 అనే మరో పద్ధతిలో, 1920×1080లో ఉంటాయి, అవి కూడా ఇంటర్లేస్ అయినవే. వీటిని నేరుగా 576 గీతలకు కుదిస్తే బేసి గీతలు, సరి గీతలు ఒకదానిలో ఒకటి కలిసిపోయి బొమ్మ అంతా అలికినట్టు అవుతుంది. ముందు డీఇంటర్లేస్ చేసి సెకనుకు 50 పూర్తి ఫ్రేములు తయారు చేసుకుని, వాటిని కుదించి, ఆపైన తిరిగి 25 ఫ్రేముల ఇంటర్లేస్‌గా అల్లాలి. ఎఫ్ఎఫ్ఎంపెగ్‌లో ఈ మూడు పనులకూ ఫిల్టర్లు ఉన్నాయి, ఒకే వరుసలో పెట్టవచ్చు. హెచ్‌డీకి, మామూలు టీవీకి రంగుల లెక్క కూడా వేరు, మొదటిదాని ప్రమాణం పేరు 709, రెండవదానిది 601. ఆ మార్పిడి చేయకుండా వదిలేస్తే బొమ్మ చెడిపోదు గాని ఎరుపు, ఆకుపచ్చ కొద్దిగా తప్పుతాయి. తంగేడు పూల పక్కన ఉన్న ఆకులను, మీ బాపు నుదుటి మీది కుంకుమను అసలు ఫైలుతో పోల్చి చూస్తే మీకే తెలుస్తుంది.

ఆడియో ఎంపెగ్ లేయర్-2 అనే పద్ధతిలో ఉంటే దానిని మార్చవద్దు, పాల్ డీవీడీలో అది అనుమతించినదే. హెచ్‌డీ ఫైళ్లలో ఏఏసీ అనే ఆడియో పద్ధతి ఉంటే మాత్రం డీవీడీలకు వాడే ఏసీ-3 పద్ధతికి, సెకనుకు 192 కిలోబిట్లలో మార్చండి. ట్యూనర్ కార్డు ఫైళ్లలో 44.1 కిలోహెర్ట్జ్ ఉంటే 48కి తప్పనిసరిగా మార్చాలి.

అన్నీ సిద్ధమైన తరువాత మూట మార్చి డిస్కు రూపం ఇవ్వడానికి డీవీడీస్టైలర్ అనే సాఫ్ట్‌వేర్ చాలు. ఇది కూడా ఉచితమే. జాగ్రత్త ఒక్కటే. ఫైలును చేర్చగానే దాని లక్షణాలలో వీడియో ఫార్మాట్, ఆడియో ఫార్మాట్ దగ్గర కాపీ అనే ఎంపిక ఉందో లేదో చూడండి, లేకపోతే ఇంతసేపు మీరు కాపాడుకున్న ఫైలును అది మళ్లీ ఎన్‌కోడ్ చేస్తుంది. ఛాప్టర్లను అయిదు నిమిషాలకు ఒకటి చొప్పున కాకుండా కథ మలుపు తిరిగే చోట, పాట మొదలయ్యే చోట పెట్టండి, పెద్దవాళ్లు రిమోట్‌లో ఒక్క బటన్ నొక్కితే కావలసిన చోటికి వెళ్తారు. మెనూలో అక్షరాలను అంచులకు దూరంగా, పెద్దవిగా రాయండి, డబ్బా టీవీలు నాలుగు వైపులా బొమ్మ అంచును కొంత మింగేస్తాయి. చివరకు వీడియో_టీఎస్ అనే ఫోల్డరు వస్తుంది, అందులో ఒక్కొక్కటి 1 జీబీ మించని వీఓబీ ఫైళ్లు, వాటికి దారి చూపే ఐఎఫ్ఓ ఫైళ్లు, వాటి నకళ్లు ఉంటాయి. మొదట మీరు ఫైళ్లను నేరుగా రాసినప్పుడు ప్లేయర్ వెతికినది ఈ ఫోల్డరునే.

దానిని ఇమ్‌గ్‌బర్న్ అనే డిస్కు రాసే సాఫ్ట్‌వేర్‌తో డీవీడీ-ఆర్ డిస్కు మీద, 4 లేదా 8 రెట్ల వేగంతో, ముగింపు అంటే ఫైనలైజ్ చేసి రాయండి, రాసిన తరువాత సరిచూసే ఎంపికను తీసేయకండి. డిస్కు మీద కాగితం లేబులు అంటించవద్దు. బరువు ఒక పక్కకు అయి తిరిగేటప్పుడు కంపిస్తుంది, ఎండాకాలంలో మన దగ్గరి వేడికి జిగురు కూడా కదులుతుంది. మెత్తని మార్కరుతో రాస్తే చాలు. సొంత వాడకానికి చేసుకునే ఇటువంటి రికార్డింగుకు 1957 కాపీరైట్ చట్టంలోని 39వ సెక్షన్ అవకాశం ఇస్తుంది, నకళ్లు అమ్మడానికి కాదు. అసలు టీఎస్ ఫైళ్లను మాత్రం హార్డ్ డిస్కులో రెండు చోట్ల దాచండి. రాసిన డీవీడీలోని రంగు పొర వెలుతురుకూ వేడికీ చెడుతుంది, డిస్కు పోతే మళ్లీ చేసుకోవడానికి అవే దిక్కు.

పద్నాలుగూ ఒకేసారి చేయవద్దు. ఒక సెట్‌టాప్ బాక్సు ఫైలు, ఒక ట్యూనర్ కార్డు ఫైలు, ఒక హెచ్‌డీ ఫైలు తీసుకుని ఒక్క డిస్కు నిండుగా చేసి, ఈసారి ఊరికి వెళ్లినప్పుడు పెద్దబాపు గారి ప్లేయర్‌లోనే పెట్టి చూడండి. మొదటి పది నిమిషాలు చూసి లేవకండి. డీవీడీని లోపలి నుంచి అంచు వైపుకు రాస్తారు, పాత ప్లేయర్ల కన్ను తడబడేది అంచు దగ్గరే, కనుక చివరి ఛాప్టరును ఆసాంతం ఆడించండి. అక్కడ ఆగిపోతే ఎన్‌కోడింగ్ జోలికి వెళ్లకుండా, తరువాతి డిస్కును వేరే కంపెనీది తీసుకుని పావు వంతు ఖాళీగా వదిలి రాయండి.